టవర్ పొడుగు మీద గట్టయ్య బేరం

గట్టయ్య నిన్న పొద్దుగాల ఆఫీసుకు పోయిండు. ఎప్పుడు తిరిగొచ్చిండో ఎవ్వరు చూడలే. ఇయ్యాల మాపటీలి తార్నాక చౌరస్తాల సత్తయ్య చాయ్ హోటల్ కాడ కూసున్నడని తెలిసి, బస్తీల మొగోళ్లందరం పనికెంచి సీద అటే ఉరికినం. ఆడోళ్లల్ల రాములవ్వ ఒక్కతే వచ్చింది, జామకాయల గంప కింద దించి దాని పక్కకే నేల మీద కూసున్నది. బల్లలు దొరికినోళ్లు కూసున్నరు, దొరకనోళ్లు నిలవడ్డరు.

రేపు పొద్దుగాల లారీ వస్తది. అది వచ్చేలోపల ఎవరి కప్పు వాళ్లు విప్పుకుంటె ఆ రేకులు, దూలాలు వాళ్లవి. లేకుంటె ఇల్లు కూలగొట్టి సామాను సుత లారీల ఏసుకపోతరు. విప్పుకునుడా, ఆగుడా? ఈ ఒక్క మాట గట్టయ్య నోటెంబడి వినాలని వచ్చినం.

సంగతి ఏందంటె, యూనివర్సిటీ క్యాంపస్ గోడకు, రైలు పట్టాలకు నడుమ ఉన్న మైదానంల వైర్‌లెస్ టవర్ లేపుతున్నరు. రెండు వందల ఫీట్ల పొడుగట. టవర్లకు ఒక రూల్ ఉన్నదట. టవర్ ఎంత పొడుగుంటె దాని సుట్టూ అంత దూరం ఎవ్వరి కాపురం ఉండొద్దు. గాలికి కూలితె మనుషుల మీద పడొద్దని. రూల్ మంచిదే, కాదంటలేను. గని టవర్ కంటె ముందుగాల మేమున్నం. హాస్టళ్లు కట్టేటప్పుడు రాళ్లు మోసినోళ్లం, కట్టుడైనంక మెస్సుల్ల వంటకు, తోటల పనికి కుదిరినోళ్లం, ఆ గోడ పక్కకే ఇండ్లు ఏసుకున్నం. కొలిచెటోళ్లు వచ్చి గుంత తవ్వే జాగల కట్టె పాతి, తాడు పట్టి, సుట్టూ సున్నంతోని గీత గీసిన్రు. బస్తీ అంత గీత లోపట వడ్డది. హబ్సిగూడ దిక్కున్న ఒక పెద్దసాబ్ బంగ్ల సుత గీత లోపటే పడాలె. గని గీత ఆ బంగ్ల కాడికి పోయేసరికి లోపటికి వంగి, దాన్ని బయట పెట్టి, మల్ల మామూలుగ తిరిగింది. మేమందరం నిలవడి చూసినం. ఎందుకని అడగనీకి ఒక్కరికి సుత నోరు రాలే.

అందుకే మా దిక్కుకెంచి మాట్లాడుమని టవర్ ఆఫీసుకు గట్టయ్యను పంపినం. ఆయన చిన్నప్పుడు ఎవరో నవాబు దేవిడీల పని జేసిండు, ఉర్దూ మస్తు మాట్లాడ్తడు, ఇంగ్లీషు రెండు ముక్కలు నడుమల కలుపుతడు. పెండ్లి సంబంధం మాట్లాడాలన్నా, కొట్లాట తెంపాలన్నా, మా బస్తీల నోరున్నోన్నే ముందు పెడ్తం. చెప్పేది నిజమా అబద్ధమా అని చూసే అలవాటు మాకు లేదు. గట్టయ్య కోతలు కోస్తడని పసిపోరనికి సుత ఎర్కే. అంబర్‌పేట్ కాడ మూసీల మొసలి తోక పట్టుకోని గట్టుకు గుంజిన అంటడు. అయినా ఆయన్నే పంపినం.

నేను ఇన్నయ్యను. హాస్టల్ మెస్సుల వంట జేస్త. మా ఇల్లు సుత గీత లోపటే ఉన్నది.

"ఒక చాయ్ పొయ్యి సత్తన్నా," అన్నడు గట్టయ్య. "నిన్నటిసంది మాట్లాడి మాట్లాడి గొంతు పిడస గట్టింది."

"ముందుగాల ఏమైందో చెప్పు," అన్నడు సత్తయ్య. అయినా చాయ్ పోసిండు.

"ఏమైతది? నేనేమన్న పెద్ద పని జేసిన అంటలేను. చప్రాసిని జర పక్కకు జరిపిన, లోపటికి పోయిన, గంతే. సాబ్ మీటింగుల ఉన్నరు అన్నడు వాడు. నేను మీటింగుకే వచ్చిన అన్న. వాడు నన్ను కిందికెల్లి మీదికి చూసిండు, నేను వాన్ని మీదికెల్లి కిందికి చూసిన, వాడు జరిగిండు."

"లోపటికి పోనిచ్చిండా అన్నా?" అన్నడు లచ్చయ్య. లచ్చయ్య మేస్త్రీ పని జేస్తడు, వాని పెండ్లాం బాలింత. బిడ్డకు ఇంకా పురుడు సుత చెయ్యలే.

"పోనిచ్చుడేంది తమ్మీ, పరదా ఎత్తి పట్టుకున్నడు. లోపట సాబ్ టేబుల్ మీద మన మైదానం నక్ష పరుసుకోని కూసున్నడు. సలాం సాబ్, ఈ గీత గుండ్రమా అని అడిగిన. గుండ్రమే అన్నడు. గుండ్రమైతె గీ బంగ్ల కాడ సొట్ట ఎందుకు వడ్డది సాబ్ అన్న. సాబ్ కండ్లద్దాలు తీసిండు, తుడిసిండు, మల్ల పెట్టుకున్నడు. సొట్ట అట్లనే ఉన్నది."

ఎన్కకెల్లి ఎవరో నవ్విన్రు. నాకు సుత నవ్వొచ్చింది. మేం అడగలేని మాట అది. ఎవ్వడో ఒకడు అడిగిండంటెనే పాణం జర నిమ్మళమైంది.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాబ్ లేసి నిలవడ్డడు. మీరు కుర్చీల కూసోండి గట్టయ్యగారూ అన్నడు. నేను వద్దన్న. కూసోకుంటె నేను సుత కూసోను అని ఆయన మంకు వట్టిండు. ఇగ ఇద్దరం నిలవడే మాట్లాడినం, మమ్ములను చూసి ఆఫీసు ఆఫీసంత లేసి నిలవడ్డది, టైపు కొట్టేటోళ్లు నిలవడే కొట్టిన్రు. చూడు గట్టయ్యా, రూల్ నా చేతుల లేదు, పైకెంచి వచ్చింది, మార్చరాదు అన్నడు సాబ్. నేనేమన్ననో చెప్పుండ్రి."

కప్పు కింద వెట్టి ఒక్కొక్కరి దిక్కు చూసిండు.

"రూల్ మార్చుమని ఎవడన్నడు సాబ్ అన్న. రూల్ బంగారమసొంటిది. టవర్ ఎంత పొడుగో గీత అంత దూరం, గదే గదా రూల్? మరి టవర్ పొడుగు తగ్గిచ్చు, గీత దానంతట అదే దగ్గరికొస్తది అన్న. సాబ్ నోరు తెరిసిండు, మూసిండు. ఈ రూల్ రాసినోనికి సుత ఆ మాట తట్టలేదు. ఇగ బేరం మొదలు వెట్టిన. మోండా మార్కెట్ల ఉల్లిగడ్డ కాడికెంచి మేకపోతు దాక బేరం జేసిన నోరిది, ఆయన నాకొక లెక్కనా? రెండు వందలంటివి, నూటయాభై చెయ్యి అన్న. వల్లగాదు అన్నడు. అయితె నేను పోతున్న అని తలుపు కాడికి నడిసిన. బేరంల గదే ముఖ్యం, పోతున్నప్పుడు ఎన్కకు చూడొద్దు. నేను పరదా ముట్టుకున్ననో లేదో, ఆగు గట్టయ్యా ఆగు అని సాబ్ చెప్పులు లేకుండ ఉరికొచ్చిండు. నూటడెబ్బైకి తెంపినం."

"నూటడెబ్బైకి మాది బయటవడ్తదా అన్నా?" అన్నడు లచ్చయ్య.

వాని ఇల్లు పట్టాల దిక్కు అంచుకున్నది, సున్నం గీత వాని గడప పక్కకెంచే పోయింది. వాడు ఆ మాట అడిగిన తీరుకు అందరం వాని దిక్కు చూసినం. గట్టయ్య సుత చూసిండు. చాయ్ ఒక గుటక మింగిండు.

"బయటవడ్డది తమ్మీ. ముందుగాల బయటవడ్డది నీదే. పోయి బిడ్డకు తొట్టెల కట్టు."

లచ్చయ్య మొఖం ఎట్లయిందో నేను చెప్పలేను. అది అబద్ధమని వానికి ఎర్కే, నాకూ ఎర్కే. అయినా వాడు భుజం మీద తువ్వాల తీసి మొఖం తుడుసుకున్నడు, పక్కోనికి బల్ల మీద జర జాగిచ్చిండు. నమ్మొద్దనుకుంటనే నమ్మబుద్ధి అయితది. నాకు భయమేసింది. గట్టయ్య ఆపితె బాగుండు అనిపించింది, ఆపకుంటె బాగుండు అని సుత అనిపించింది.

"మరి మిగిలినోళ్ల సంగతి?" అన్నడు సత్తయ్య. ఆయన హోటల్ చౌరస్తాల ఉన్నది గని ఇల్లు మాత్రం మా బస్తీలనే.

"ఆగు, నడుమ మాట్లాడితె బేరం తెగుతది. నూటడెబ్బై అనంగనే ఇంజినీరును పిలిసిన్రు. సన్నగ, పొడుగ్గ, ఆయనే ఒక చిన్న టవర్ లెక్క ఉన్నడు. ఇంకా తగ్గిస్తె పనిచెయ్యది, వైర్‌లెస్‌ల పోయే మాటలు చెట్లకు తగుల్తయి అన్నడు. తగిలితె తగలనియ్యి, క్యాంపస్‌ల చెట్లెక్కుడు నాకు అలవాటే, చిక్కుకున్న మాటలు దులిపి అవతలికి పారేస్త అన్న. ఇంజినీరు నమ్మలే. అయితె రా అని మేడ మీదికి తీసుకపోయిన. టవర్ ఎందుకు సాబ్, ఏ మాట పంపాలో నాకు చెప్పు అన్న. పరీక్షకని ఒక మాట చెప్పిండు. నేను నడుము మీద చేతులు వెట్టి ఒక్క కేక ఏసిన."

"ఏమైంది?"

"ఏమైతది. విద్యానగర్‌ల తానం జేసేటోళ్లు బట్టల్లేకుండ బయటికి ఉరికిన్రు. సికిందరాబాద్ స్టేషన్ల కదిలిన రైలు మల్ల ఆగింది, గార్డు దిగి చక్రాలు చూసుకున్నడు. కేక అక్కడ ఆగలే. కాజీపేట దాటింది, గోదారి దాటింది, నాగపూర్ల నారింజ చెట్లకెంచి కాయలు రాలినయి. ఇగో, నేను నోరు మూసిననో లేదో ఆఫీసుల ఫోన్ మోగింది. ఢిల్లీ. ఎవరయ్యా ఆయన, మాట అందింది గని జర మెల్లగ మాట్లాడుమనుండ్రి, మా అద్దాలు పలిగినయి అన్నరు. ఇంజినీరు అక్కడికక్కడ నా కాళ్లు మొక్కిండు. నూటికి తెంపినం, మేడ మెట్లు దిగేలోపల ఎనభైకి తెచ్చిన."

"మాది?" అన్న.

ఆ మాట నా నోట్లకెంచే వచ్చింది. అడగొద్దనుకున్న. పొద్దుగాల పనికి పోయేటప్పుడు నా పెండ్లాం రాహేలు గిన్నెలు మూట గట్టి, గోడకున్న ఏసు పటం దించి చీరెల సుట్టింది. కప్పు విప్పుదమా అని అడిగితె, గట్టయ్య రానియ్యి, మాపటీలికి చెప్తనన్న. ఇల్లు పోతె ఏడికి పోవాల్నో మాకు తెల్వది. కొత్త జాగ చూపిస్తమని కొలిచెటోళ్లు ఒక్క మాట సుత అనలే.

"ఇన్నయ్యా, మీది ఎనభైకి ఆరామ్ల బయటవడ్డది. రాహేలు చెల్లెకు చెప్పు, పొయ్యి ముట్టియ్యమను, గిన్నెలు మల్ల ఎక్కడియి అక్కడ సదురుకోమను," అన్నడు గట్టయ్య.

గిన్నెల సంగతి నేను ఆయనకు చెప్పలే. అయినా తెలిసింది. అందరి ఇండ్లల్ల అవే మూటలు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి, పక్కకు తిరిగి దగ్గిన.

ఇగ అందరు అడుగుడు మొదలువెట్టిన్రు. మాదో, మా అన్నదో, మా అత్తదో అని. ఎవరు అడిగితె వాళ్ల ఇంటి దాక గట్టయ్య టవర్‌ను తగ్గిచ్చుకుంట వచ్చిండు. డెబ్బై అన్నడు, అరవై అన్నడు. ఇంజినీరు అలిగి అన్నం మానేసిండన్నడు, తనే బతిమిలాడి ముద్దలు కలిపి తినిపిచ్చి ఇంకో పది ఫీట్లు తగ్గిచ్చినన్నడు. నలభై కాడ సాబ్ దండం వెట్టిండట. ముప్పై కాడ వాళ్లావిడను పిలిపిచ్చి చెప్పిచ్చిండట, ఆమె సుత గట్టయ్య దిక్కే మాట్లాడిందట.

"ఇరవై కాడ ఆగినం. తాడిచెట్టంత."

"తాడిచెట్టు అంతకంటె పొడుగుంటది గదనే," అన్నడు సత్తయ్య.

"పొట్టి తాడిచెట్టు. నువ్వు చాయ్ చూసుకో, పొంగుతున్నది." గట్టయ్యకు కోపమొచ్చింది. "నువ్వు పోయుంటె తెలుస్తుండె. నేను గాడ ఒక్కన్ని, అవతల పన్నెండు మంది ఇంజినీర్లు."

"ఇందాక ఒక్కడే గదా?"

"మిగిలినోళ్లు తర్వాత వచ్చిన్రు. బేరం చూసి నేర్చుకోనీకి."

ఎవ్వరు నవ్వలే. అందరి ఇండ్లు బయటవడ్డయి, ఒక్కటి తప్ప. రాములవ్వ గుడిసె గుంత తవ్వే జాగ పక్కకే ఉన్నది, కట్టె పాతింది ఆమె పొయ్యికి నాలుగడుగుల దూరంల. దాని ముందటిదే గట్టయ్య ఇల్లు, పనికి పోయేటోళ్లం ఆ దిక్కు తిరగం. రాములవ్వ ఏమీ అడగలే. గంపల జామకాయలు చిన్నయి ఒక దిక్కు, పెద్దయి ఒక దిక్కు జేసుకుంట ఉన్నది. లచ్చయ్యనే అడిగిండు.

"మరి అవ్వది?"

గట్టయ్య చాయ్ కప్పు ఖాలీ అయింది గని ఎత్తి మల్ల తాగిండు. ఎంత తగ్గిచ్చినా రాములవ్వ గుడిసె బయటవడది, టవర్ అడుగు పొడుగున్నా దాని కాళ్ల కాడనే ఉంటది. అది మాకందరికి సమజైంది. ఆయన ఇగ కథ ఆపుతడనుకున్నం.

"నేను మాత్రం వదుల్తనా?" అన్నడు. గొంతు పెద్దగ జేసిండు. "అందరిది బయటవెట్టి అవ్వది లోపట ఇడిసిపెడ్తనా? సాబ్, ఆ రూల్ బుక్కు తియ్యి అన్న. ఇద్దరు మోసుకొచ్చిన్రు, అంత పెద్దది. టవర్ భూమ్మీదనే నిలవడాలని అండ్ల ఏడన్న రాసున్నదా చూడు అన్న. పన్నెండు మంది ఇంజినీర్లు పన్నెండు దిక్కుల తిరగేసిన్రు. లేదు. రాసి లేదు. అయితె టవర్‌ను ఏలాడదియ్యుండ్రి అన్న."

"ఏలాడదీసుడేంది?"

"పైకెంచి కిందికి. తలకిందులు. మొదలు ఆకాశంల, కొస కింద. నిలవడ్డదైతె కూలుతది, ఏలాడేది కూలుతదా? దానికి పొడుగు కిందికెల్లి లెక్క గట్టరాదు, పొడుగు లేకుంటె గీత లేదు. రూల్ తప్పినట్టు సుత కాదు. సాబ్ ఆలోచించిండు. అంత బాగనే ఉన్నది గట్టయ్యా, దేనికి కడ్దమన్నడు. మబ్బుకు అన్న. మేస్త్రీ కొడుకును సాబ్, గోడకు కొక్కెం కొట్టినట్టు మబ్బుకు కొడ్త అన్న. వాన మబ్బు పనికిరాదు, నానుతది, మొల నిలవది. ఎండకాలం మబ్బు చూసి, గట్టిదా కాదా అని ఏలుతోని కొట్టి చూసి, నాలుగు దిక్కుల నాలుగు కొక్కాలు కొట్టి టవర్‌ను ఎక్కిచ్చిన. ఏలాడ్తున్నది. కొస అవ్వ గుడిసె మీదికొచ్చి ఆగింది. అవ్వా, నీకు బట్టలు ఆరేసుకోనీకి సుత పనికొస్తది."

ఇద్దరు ముగ్గురు మీదికి చూసిన్రు. నేను సుత చూసిన. రైలు పట్టాల మీదికెంచి ఆకాశం ఎర్రగ ఉన్నది, ఒక్క మబ్బు లేదు.

"ఇగ సాబ్ ఏడ్సిండు," అన్నడు గట్టయ్య. "ఇన్ని దినాలు ఏడున్నవు గట్టయ్యా, నీయసొంటోడు ముందుగాల వస్తె ఎంతమంది ఇండ్లు మిగులుతుండె అన్నడు. మనుషులను పిలిసి, పోయి ఆ సున్నం గీత కడుగుండ్రి అని హుకుం ఇచ్చిండు. లారీ రాదు. రేపు రాదు, ఎల్లుండి రాదు. కారుల దింపుత అన్నడు నన్ను. వద్దు సాబ్, మావోళ్లు చూసి గర్వమొచ్చిందనుకుంటరు, బస్సుల పోత అన్న."

సత్తయ్య పొయ్యి మంట తగ్గిచ్చిండు.

"గట్టయ్యా," అన్నది రాములవ్వ.

"చెప్పు అవ్వా."

"సాబ్ అంత ఒప్పుకున్నంక, పొద్దుగాల చీకటుండంగనే మీ ఇంటి రేకులు ఎందుకు దించినవు బిడ్డా? నేను పొయ్యి ముట్టియ్యనీకి లేసిన, చూసుకుంటనే ఉన్న. నువ్వు నిచ్చెన ఎక్కి మొలలు పీకినవు, మీ లింగమ్మ కింద నిలవడి ఒక్కొక్క రేకు అందుకున్నది. దూలాలు సుత తీసిన్రు. ఇప్పుడు మీ ఇంటికి నాలుగు గోడలే ఉన్నయి."

ఆమె కోపంతోని అడగలే. నిజంగనే ఆమెకు సమజు కాలే, తెలుసుకుందమని అడిగింది. లారీ రాకుంటె తన పాత రేకులు అట్లనే ఉంచుకోవచ్చా అని ఆమె ఆలోచన.

గట్టయ్య మొఖం నల్లగయింది. "అవ్వా, అది…" అన్నడు. రేకులకు రంగు అన్నడో, చిల్లులు అన్నడో, మాట కొస దాక రాలే. తల దించుకోని కప్పుల చూసుకున్నడు.

నాకు ఆయన్ను కొట్టాలనిపించింది. రాత్రే వచ్చి, తెలిసి, తన కప్పు తను విప్పుకోని, ఇప్పుడు మాకు మబ్బులు చూపిస్తడా అని. గని పోయేముందు మేం ఆయన్ను ఏమి అడిగినం? ఎట్లనన్న మంచి మాటనే తీసుకరా గట్టయ్యా అన్నం. అదే తెచ్చిండు. నన్ను పంపితె నేను ఆ ఆఫీసు గేటు కాడనే నిలవడి ఎన్కకు వస్తుంటి. ఎవ్వరు ఆయన్ను తిట్టలే. తిట్టనీకి సుత పొద్దు లేదు.

ముందుగాల లచ్చయ్య లేసిండు. తువ్వాల తలకు సుట్టుకున్నడు.

"అన్నా, ఆ నిచ్చెన ఇప్పుడు ఖాలీనేనా?"

"ఖాలీనే తమ్మీ," అన్నడు గట్టయ్య. తల ఎత్తలే.

"నేను తీసుకపోత మరి. చీకటి పడకముందే దించుకోవాలె."

బస్తీ మొత్తంల నిచ్చెన ఆ ఒక్కటే ఉన్నది. అది మతికి రాంగనే అందరు బల్లల మీదికెంచి లేసిన్రు. నేను లచ్చయ్య భుజం పట్టుకోని ఆపి, నీదైనంక నాకియ్యి తమ్మీ, నాదైనంక అవ్వది విప్పుదం అన్న.